పరిశోధించే డాక్టర్లకు సమయం ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

మా నాన్న వెంటిలేటర్ మీద ఉన్నప్పుడు ఆయన్ని బోర్లా పడుకోబెట్టారు. చూసి చాలా టెన్షన్ పడ్డాను. అలా చేస్తే వీపు వైపు ఊపిరితిత్తుల భాగాలు తెరుచుకుని ఆక్సిజన్ బాగా అందుతుందని డాక్టర్ వివరించారు. దాని వెనక ఎంత కష్టం ఉందో తర్వాత చదివితే తెలిసింది.

ఊపిరితిత్తులు హఠాత్తుగా దెబ్బతినే ఏఆర్‌డీఎస్ అనే స్థితిని 1967లో అమెరికాలోని డెన్వర్ డాక్టర్లు 12 మంది రోగుల్లో గమనించి రాశారు. ఆ డాక్టర్లలో థామస్ పెట్టీ ఊపిరితిత్తుల వైద్యుడు. వెంటిలేటర్ ఎక్కువ గాలి నెడితే ఊపిరితిత్తులకే హాని అని గట్టిగా రుజువైంది 2000లో. ఒక్కో శ్వాసకు, ఎత్తును బట్టి లెక్కించిన బరువులో కిలోకు 12 మిల్లీలీటర్ల గాలి బదులు 6 ఇస్తే మరణాలు సుమారు 40 నుంచి 31 శాతానికి తగ్గాయి. కొత్త మందేమీ లేదు, మెషీన్ సెట్టింగ్ మార్చారంతే! బోర్లా పడుకోబెట్టడం వల్ల మేలుందని 2013లో తేలింది.

అంటే 1967 నుంచి లెక్కేస్తే 46 ఏళ్లు. ఒక డాక్టర్ ఉద్యోగ జీవితం కన్నా ఎక్కువ. రాత్రంతా ఐసీయూలో ఉండి, పొద్దున డేటా చూసుకోమంటే ఎవరి వల్ల అవుతుంది? ఆస్పత్రులు పరిశోధన చేసే డాక్టర్లకు డ్యూటీ లేని పరిశోధన రోజులు కేటాయించాలి. ఆ రోజులకు జీతం కోయకూడదు.

— ఒక పాఠకురాలు