సైబీరియా కాదు మహాప్రభో!

సంపాదకుల వారికి నమస్కారం.

పది రోజుల కిందట మీ శ్రీకాకుళం జిల్లా పేజీలో మా తేలుకుంచి ఊరి కొంగల వార్త చూసినప్పటి నుంచి రాద్దామనుకుంటూనే ఉన్నాను. కరెంటూ, నా మోకాళ్లూ సహకరించలేదు. 'వచ్చేశాయి సైబీరియా అతిథులు' అని మళ్లీ వేశారు. ఏటా ఇదే శీర్షిక. జూన్‌లో వచ్చిన పిట్టల గురించి ఆగస్టులో రాయడం సరే, సైబీరియా ఎక్కణ్నుంచి వచ్చిందండీ?

అవి నత్తగుల్ల కొంగలు. తొలకరికి దిగి, చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలకు రెక్కలొచ్చాక శీతాకాలంలో వెళ్లిపోతాయి. నిజంగా సైబీరియా పిట్టే అయితే ఎండాకాలంలో అక్కడే పిల్లల్ని చేసుకుని, అక్కడ మంచు పడ్డాక ఇక్కడికొస్తుంది. ముప్పై ఏళ్లు ఎనిమిదో తరగతికి ఇదే చెప్పాను. తేలినీలాపురం గూడబాతులూ మన దేశపువే. పురుటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకునే ఆ ఊరివాళ్లకు మీకన్నా ఎక్కువ తెలుసు.

వరిమడిలో నీళ్లుంటేనే నత్తలు, నత్తలుంటేనే కొంగలు. వాన మొహం చాటేస్తే వాటికి మేత లేదు, రైతుకు గింజ లేదు. కొంగయితే ఇంకో చెరువు వెతుక్కుంటుంది. మరి మనిషి? 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలమీదున్నాయి. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. అందాకా ఏం తింటారు? హైదరాబాద్, చెన్నై బళ్లెక్కారు.

మీ కొంగల ఫొటో కిందే, ఓ మూల, గుజరాత్‌లోని వేరావల్ వెళ్తున్న మత్స్యకారుల గురించి నాలుగు లైన్లున్నాయి. తిత్లీ వచ్చిన మరుసటి నెలలోనే, అక్కడి బోట్లలో కూలికెళ్లిన మనవాళ్లను పాకిస్తాన్ పట్టుకుపోయింది. 2020 జనవరిలో గానీ వాఘా దాటి రాలేదు. 193 కిలోమీటర్ల తీరమున్న జిల్లా మనది! గుజరాత్‌లో రేవులున్నాయి, మనకు శంకుస్థాపన రాళ్లున్నాయి.

మన మండలం నుంచి ఎంతమంది వలసపోయారని ఓ కార్యాలయంలో అడిగితే, పక్క సెక్షన్‌లో అడగమన్నారు. పక్క సెక్షన్ ఆయన భోజనానికెళ్లారు. సాయంత్రం దాకా భోజనమే. కొంగల గూళ్లయితే లెక్కపెడతారు, సంతోషం.

ముందు ఆ సైబీరియాకు సవరణ వేయండి. వేయకపోతే వచ్చే జూన్‌లో మళ్లీ రాస్తాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఇచ్ఛాపురం