ప్రకటన మనకు అంటించే ముద్ర

సంపాదకుల వారికి,

టార్గెటెడ్ ప్రకటనల మీద, అంటే మన వివరాలూ అలవాట్లూ చూసి మనకని ఎంచి చూపే ప్రకటనల మీద చర్చ ఎప్పుడొచ్చినా మన వివరాలు ఎవరి చేతికి పోతున్నాయన్న దగ్గరే ఆగిపోతోంది. ఆ ప్రకటనలు మన గురించి మనకే ఏం నచ్చజెబుతున్నాయో కూడా చూడాలి.

మార్ల్‌బరో సంగతే తీసుకోండి. 1924లో అమెరికాలో దాన్ని ఆడవాళ్ల సిగరెట్‌గా అమ్మారు. లిప్‌స్టిక్ మరక కనపడకుండా కొసకు ఎర్ర కాగితం చుట్టిన రకం కూడా వచ్చింది. 1950ల్లో క్యాన్సర్ భయం పట్టుకున్నాక ఫిల్టర్ సిగరెట్లకు గిరాకీ పెరిగింది గానీ, ఫిల్టర్ అంటే ఆడవాళ్ల వ్యవహారమని మగవాళ్లకు చిన్నచూపు. లియో బర్నెట్ అనే ప్రకటనల ఏజెన్సీ కౌబాయ్‌లనూ, చేతి మీద పచ్చబొట్లున్న మొరటు మనుషులనూ బొమ్మల్లోకి దించింది. అంతే, అదే పేరు మగతనానికి గుర్తయి కూర్చుంది. పొగలో మగతనం ఎక్కడుందని అడిగినవాడు లేడు!

అప్పట్లో ఒకే బొమ్మ అందరికీ కనపడేది. ఇప్పుడు కంపెనీ తన ఖాతాదార్ల జాబితా ఎక్కిస్తే చాలు, వాళ్లను పోలినవాళ్లను ఫేస్‌బుక్కే వెతికిపెడుతుంది. దీన్ని లుక్‌అలైక్ ఆడియన్స్ అంటారు. ఒక దేశపు జనంలో 1 నుంచి 10 శాతం దాకా ఎంచుకోవచ్చు. 1 శాతమైతే పోలిక దగ్గరగా ఉంటుంది, 10కి పోతే జనం ఎక్కువ, పోలిక పలచన.

2016లో జర్నల్ ఆఫ్ కన్స్యూమర్ రీసెర్చ్‌లో సమ్మర్స్, స్మిత్, రెచెక్ అనే పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. పర్యావరణానికి మేలు చేసే వస్తువు ప్రకటన తమ బ్రౌజింగ్‌ను బట్టే వచ్చిందని తెలిసినవాళ్లు, తమకు పర్యావరణం మీద శ్రద్ధ ఎక్కువేనని అనుకోసాగారు. కొనడానికీ మొగ్గారు. అయితే ప్రకటన అంటించే ఆ ముద్రకు వాళ్ల పాత అలవాట్లతో కాస్తయినా పొంతన ఉండాలి. ఎవరికో బహుమతిగా కొన్నదాన్ని బట్టి వచ్చే ప్రకటన విసుగే తప్ప ఏమీ చేయదు. ప్రమాదమంతా సగం నిజమైన ముద్రతోనే. ఒంటి బరువు గురించి రెండుసార్లు వెతికిన పిల్లకు వారం పొడుగునా సన్నబడే పొడులే కనపడితే ఏమనుకుంటుంది?

ముద్రకు ధర కూడా ఉంది. న్యూయార్క్ నగర వినియోగదారుల శాఖ 2015లో పోల్చి చూస్తే ఆడవాళ్ల కోసమని అమ్మే సరుకులు సగటున 7 శాతం ఎక్కువ పలికాయి. ఆడ, మగ షాంపూ సీసాలు పక్కపక్కన పెట్టి పదార్థాల పట్టిక చదవండి. ఎక్కువ పాళ్లున్నది ముందు రాస్తారు. మొదటి ఐదారు పేర్లూ అదే వరుసలో ఉంటే, మిగిలే తేడా చాలావరకు రంగూ వాసనా. ధర మాత్రం 100 మిల్లీలీటర్లకు లెక్కకట్టాలి, సీసాల సైజులు వేరుగా ఉండొచ్చు.

యూరోపియన్ యూనియన్ 2022 నాటి డిజిటల్ సర్వీసెస్ చట్టంలో మైనర్లకు ప్రొఫైలింగ్‌తో, అంటే వాళ్ల వివరాలతో అంచనా కట్టి, ప్రకటనలు చూపడాన్ని నిషేధించింది, పెద్దలకైతే ఏ లెక్కన చూపుతున్నారో చెప్పాలంది. ఆ వివరం ప్రకటన మూలనుండే మూడు చుక్కల మెనూ వెనక దాచకుండా ప్రకటన మీదే, దాని అక్షరాలంత సైజులో ఉండాలని మీ పత్రిక అడగాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు