ఎర బుట్ట ఒక్క చేలో పెడితే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

పెన్నా ఆయకట్టులో రబీ నారుమళ్లకు దుక్కులు మొదలవుతున్నాయి. వరి పిలకలోకి దూరి లోపల కొరికే మొగి పురుగు గురించి మాట్లాడుకోవాల్సిన సమయం ఇదే. దాని వల్ల గింజ పట్టని తెల్లకంకులు కనిపించాక ఎంత మాట్లాడినా ప్రయోజనం ఉండదు.

కిందటి రబీలో మా రెండెకరాల వరికి, ఆడ పురుగు వాసన ఉన్న ఎరతో మగ పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలు పెట్టాను. ఎకరాకు ఎనిమిది చొప్పున పదహారు కర్రలు పాతి, పైరు కొనలకు అడుగు ఎత్తున గరాటు బుట్టలు కట్టాను. వారం గడిచినా సంచుల్లో ఒక్క పురుగు పడలేదు. సాయంత్రం గట్టు మీద నడుస్తుంటే మాత్రం రెక్కకొక నల్లచుక్క ఉన్న పసుపు రంగు తల్లి పురుగులు కాళ్ల ముందే లేస్తున్నాయి. అనుమానం వచ్చి ఎర కవరు మీది ఇంగ్లిషు అక్షరాలు మా అమ్మాయి చేత చదివించాను. అది శనగపచ్చ పురుగు ఎర! వరి పురుగు దాని వైపు రానే రాదు. అమ్మినవారికీ ఆ తేడా తెలియలేదు.

ఈ బుట్టలంటే చాలామందికి నమ్మకం లేదు. వీటి వెనుక ఎంత శ్రమ ఉందో తెలిస్తే అలా అనరు. ఆడ పురుగు రాత్రివేళ ఒక వాసన వదులుతుంది. గాలిలో ఆ జాడ పట్టుకుని మగది వెతుక్కుంటూ వస్తుంది. అలాంటి వాసన ఏ పదార్థమో మొదటిసారి తేల్చినది జర్మనీ శాస్త్రవేత్త అడాల్ఫ్ బుటెనాంట్, 1959లో. అందుకోసం ఆయన బృందం దాదాపు 5 లక్షల ఆడ పట్టుచిలుకలను సేకరించింది. మన వరి మొగి పురుగు వాసనలో ముఖ్యమైన పదార్థాలు రెండు, మూడు పాళ్లకు ఒక పాలు చొప్పున. ఇంత సూక్ష్మమైన జ్ఞానాన్ని రబ్బరు బిళ్లలో పెట్టి రైతు చేతికి ఇస్తున్నాం. కవరు మీద అది ఏ పురుగుదో, ఎప్పుడు తయారైందో తెలుగులో రాయించలేమా?

సరైన ఎర మార్చాక మా సంచులు నిండాయి. అయినా చేలో తెల్లకంకులు తప్పలేదు. ఒక కంకిని పట్టి లాగితే చేతిలోకి ఊడి వచ్చింది. అడుగున కొరికేసిన గుర్తు, లోపల పొట్టు లాంటి రెట్ట. పొరపాటు ఎక్కడ జరిగిందో అప్పుడు అర్థమైంది. బుట్టలో పడేది మగ పురుగే. పక్క చేలో జతకట్టిన తల్లి పురుగు గట్టు దాటి వచ్చి, మన ఆకు కొసన గోధుమ రంగు నూగు కప్పిన గుడ్ల ముద్ద పెట్టి పోతుంది. పిల్ల పురుగు పిలకలోకి దూరాక పైపైన కొట్టిన మందు దానికి అందదు. చుట్టూ ఏభై ఎకరాల్లో బుట్టలు లేనప్పుడు నా పదహారు బుట్టలు ఏం చేయగలవు?

అందుకే అధికారులకు నా మనవి. ఎరలను అడిగినవారికి నాలుగు చొప్పున పంచడం మాని, ఒక పంట కాలువ కింది చేలన్నిటికీ ఒకేసారి ఇవ్వండి. నీటి విడుదల తేదీ నిర్ణయించే సమావేశంలోనే బుట్టలు పెట్టే తేదీ కూడా నిర్ణయించండి. మూడు నాలుగు వారాలకు ఎర వాసన తగ్గిపోతుంది కాబట్టి రెండో విడత బిళ్లలూ ముందే చేర్చండి. బుట్టకు వారంలో 25–30 మగ పురుగులు పడితే జాగ్రత్త పడాలంటారు. ఆ లెక్క ఊరందరికీ తెలిసేలా ప్రతి సోమవారం రైతు సేవా కేంద్రం బోర్డు మీద రాయించండి. పక్కవాడు కొట్టాడని మనమూ గుళికలు చల్లే అలవాటు దానితో కొంతైనా తగ్గుతుంది. విచ్చలవిడిగా మందులు కొడితే చేలో పురుగులను తినే సాలెపురుగులు చచ్చి, వెనుకే వరి రసం పీల్చే సుడిదోమ విజృంభిస్తుందని మనకు అనుభవమే.

పరిశోధన కూడా మన పొలాల్లోనే జరగాలి. ఎన్‌ఎల్‌ఆర్ 34449 వంటి వరి వంగడాన్ని ఇచ్చిన నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం మనకు దగ్గరలోనే ఉంది. రబీ కోశాక కొయ్యకాళ్లలో దాగిన పురుగు ఆ తర్వాత వేసే ఎడగారు పైరుకు ఎప్పుడు ఎగబాకుతుంది, ఎన్ని ఎకరాలు కలిసికట్టుగా బుట్టలు పెడితే ఫలితం ఉంటుంది అన్నవి మన ఆయకట్టులో రెండు మూడేళ్లు చూసి చెప్పాలి. మార్కాపురం వైపు పత్తి రైతులకూ ఇదే అవసరం. చేనంతా ఆడ పురుగు వాసన నింపి, మగదానికి జత దొరకకుండా చేసే పద్ధతి పత్తి కాయలను తొలిచే గులాబీ రంగు పురుగు మీద పనిచేస్తుంది. అమెరికా తన పత్తి ప్రాంతాల్లో ఆ పురుగు లేకుండా పోయిందని 2018లో ప్రకటించింది. బీటీ పత్తి వేయడం, సంతానం కలగకుండా చేసిన గొడ్డు పురుగులను వదలడంతో పాటు ఈ వాసన పద్ధతినీ అక్కడ వాడారు. ప్రాంతమంతా ఒక్కమాట మీద నిలబడి చేశారు కాబట్టే సాధ్యమైంది.

మా కాలువ కింది రైతులం నలభై ఎకరాలకు ఒకేసారి బుట్టలు పెట్టుకుంటామని సంతకాలు చేసి అర్జీ ఇచ్చాం. కర్రలు, కూలి ఖర్చు మావే. వరి ఎరలు మాత్రం నాట్లు పడేలోగా అందేలా చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

– ఒక వరి రైతు,
ఇందుకూరుపేట మండలం, నెల్లూరు జిల్లా