ఇండియా వెళ్లేటప్పుడు షాపులో హీటర్ ఆపేయకండి

సంపాదకులకు నమస్కారం.

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో నాకో చిన్న కిరాణా షాపు ఉంది. మీ పేపర్ రోజూ ఫోన్‌లోనే చదువుతాను. సంక్రాంతికి ఊరికి వచ్చే మనవాళ్ల గురించి మీరు ఏటా రాస్తుంటారు కదా, అలా వచ్చేవాళ్లలో ఇక్కడ షాపులు, హోటళ్లు, మోటెళ్లు నడిపేవాళ్లు కూడా చాలామంది ఉన్నారు. మూడు నాలుగు వారాలు షాపు మూసేసి, ఖాళీ షాపుకి బిల్లు దండగ అని హీటర్ ఆపేసి విమానం ఎక్కేస్తున్నారు. దయచేసి ఆ ఒక్క పని చేయకండి, చలికి లోపల నీళ్లు గడ్డకట్టి పైపులు పగులుతాయి.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌కి వచ్చిన మంచు తుఫాను ఇక్కడివాళ్లెవరూ మర్చిపోలేదు. ఫిబ్రవరి 16న డాలస్ ఎయిర్‌పోర్టులో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో దాదాపు మైనస్ 19 డిగ్రీలు. రాష్ట్రంలో 45 లక్షలకు పైగా ఇళ్లకు, వ్యాపారాలకు కరెంటు పోయింది, ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది చనిపోయారు. నా షాపుకి ఆ చలి రోజుల్లో ఏమీ కాలేదు. ఎండ వచ్చి, హమ్మయ్య గండం గడిచింది అనుకున్న రోజున ఫాల్స్ సీలింగ్ పైనున్న పైపులో గడ్డ కరిగింది, అప్పటికే పగిలి ఉన్న చోటి నుంచి నీళ్లు దూకాయి. సోనామసూరి బస్తాలు, పప్పులు, పిండి ప్యాకెట్లు అన్నీ పోయాయి. అంతకంటే బాధేమిటంటే, మెయిన్ వాల్వ్ ఎక్కడుందో మా వరసలో ఉన్న ఐదు షాపుల వాళ్లలో ఒక్కరికీ తెలియదు. బిల్డింగ్ ఓనరుకి ఫోన్ చేస్తే, లోపలి పైపులు మీ బాధ్యతే, లీజు చదువుకోండి అన్నాడు. చదివితే నిజంగానే అలా ఉంది.

ఇన్సూరెన్స్ మనిషి వచ్చి అడిగిన మొదటి ప్రశ్న, థర్మోస్టాట్ ఎంతలో పెట్టారు అని. నేను హీటర్ వేసే ఉంచాను, కరెంటు పోయింది కాబట్టి చాలా నెలలు తిరిగాక కొంత డబ్బు వచ్చింది. మా పక్క షాపాయన ఊరెళ్తూ హీటర్ ఆపేశాడు, ఆయన క్లెయిమ్ కొట్టేశారు. ఈ షరతు ఇక్కడి కమర్షియల్ పాలసీల్లో మామూలుగా ఉండేదే: పైపు గడ్డకట్టి పగిలితే, బిల్డింగ్‌లో వేడి ఉంచడానికి మీరు చేయగలిగినంతా చేసి ఉండాలి, లేదంటే నీళ్లు కట్టేసి పైపులు ఖాళీ చేసి ఉండాలి.

కుళాయి సన్నగా వదిలితే చాలులే అని చాలామంది అనుకుంటారు. అది చేయాల్సిందే. నీళ్లు గడ్డకడితే 9 శాతం దాకా ఉబ్బుతాయి, ఆ గడ్డకీ కట్టేసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీళ్ల ఒత్తిడే పైపుని చీలుస్తుంది, కుళాయి కారుతుంటే ఆ ఒత్తిడి బయటికి పోతుంది. కానీ షాపుల్లో మంటలు ఆర్పే స్ప్రింక్లర్ పైపులు కూడా ఉంటాయి, వాటిలో నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉంటాయి, వాటిని కారనివ్వడం కుదరదు. అవి ఉన్నచోట 40 ఫారెన్‌హీట్, అంటే 4 డిగ్రీల కంటే తగ్గకూడదని నియమం. ఇక్కడ ఒక పొరపాటు చాలా చోట్ల చూశాను. సీలింగ్ పలకల మీద ఇన్సులేషన్ పరిచేస్తారు, షాపు వెచ్చగానే ఉంటుంది, దాని పైనున్న స్ప్రింక్లర్ పైపుకి మాత్రం ఆ వేడి అందదు. నిచ్చెన వేసుకుని ఒక పలక ఎత్తి చూస్తే అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

కప్పు మీది హీటర్ గ్యాస్‌దే కదా అని కూడా ధీమాగా ఉండొద్దు, దాని ఫ్యాన్ తిరగాలంటే కరెంటు కావాలి. కరెంటు పోయి గంటలు గడుస్తుంటే మెయిన్ వాల్వ్ కట్టేసి, కుళాయిలన్నీ తిప్పి పైపులు ఖాళీ చేయాలి. స్ప్రింక్లర్ వాల్వ్ మాత్రం మీ అంతట మీరు ముట్టుకోకండి, ఫైర్ డిపార్ట్‌మెంట్‌కీ ఓనరుకీ చెప్పే చేయాలి. షాపు బయట నేల మీద నిలబెట్టి ఉండే బ్యాక్‌ఫ్లో వాల్వ్‌ని (లోపలి నీళ్లు తిరిగి ఊరి పైపులోకి వెళ్లకుండా ఆపేది) అందరూ మర్చిపోతారు, దానికి తొడిగే సంచులు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి.

ఊరెళ్లేవాళ్లు థర్మోస్టాట్‌ని 55 ఫారెన్‌హీట్‌కి తగ్గకుండా ఉంచండి, ఇక్కడే ఉండే ఒక నమ్మకమైన మనిషికి తాళం ఇచ్చి, వాల్వ్ దగ్గరికి తీసుకెళ్లి ఆ మనిషి చేతే ఒకసారి తిప్పించండి. నేను మా వాల్వ్‌కి ఎర్ర రంగు వేయించి, ఫొటో తీసి పక్క నలుగురికీ పంపాను.

ఇప్పుడు అక్టోబర్, ఇక్కడ ఇంకా ఏసీలే తిరుగుతున్నాయి, కానీ నవంబర్ చివరికల్లా గడ్డకట్టే చలి మొదలవుతుంది, అప్పుడు ప్లంబర్లు దొరకరు. మీ ప్రవాస పేజీలో ఇక్కడ పనిచేసే ప్లంబర్‌తోనో, ఇన్సూరెన్స్ ఏజెంట్‌తోనో మాట్లాడి ఒక వ్యాసం వేయండి. అది నవంబర్ మొదటి వారం లోపే రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఇర్వింగ్ నుంచి ఒక పాఠకుడు