పైడిగాళ్ళు తిరిగెళ్తారు!

బరంపురం,
ఆదివారం

ఒరే చిన్నా,

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. ఇక్కడ అంతా కులాసా. పిల్లదాని పరీక్షలైపోయాయి, అమ్మ మోకాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి, మిగతావి కలిసినప్పుడు. గాయం దగ్గరికి పరిగెత్తిన తెల్లరక్తకణాలు (న్యూట్రోఫిల్స్, మన పైడిగాళ్ళు) పనయ్యాక అక్కడే చస్తాయా అని అడిగావు కదా, దానికే ఈ ఉత్తరం. అన్నీ చావవురా! చాలా కణాలు బతికే వెనక్కి నడుస్తాయి. జీబ్రాఫిష్ అనే చారల బుల్లి చేప పిల్లల ఒళ్ళు అద్దంలా ఉంటుంది కాబట్టి 2006లోనే ఇది కళ్ళారా చూశారు.

తోక రెక్క కోయగానే వెళ్ళే మొదటి కబురు ప్రొటీన్‌ది కాదు. గాయం అంచు కణాలు హైడ్రోజన్ పెరాక్సైడ్ వదుల్తాయి, సుమారు 20 నిమిషాలకి అది గరిష్ఠం. ఆ తర్వాత కణాల్ని పిలిచే ప్రొటీన్లు, అంటే కీమోకైన్లు. వాటిలో అసలుది సీఎక్స్‌సీఎల్-8, అంటే ఇంటర్‌ల్యూకిన్-8. ఎలుకకి ఈ జన్యువే లేదు, చేపకుంది! ఇది కణాల చుట్టూ ఉండే హెపరాన్ సల్ఫేట్ అనే చక్కెర గొలుసులకి అంటుకుంటుంది, అందుకే కొట్టుకుపోదు. వీధి చివర ఎండుచేపలు వేపితే వాసన ఎటు ముదిరితే అటు నడిచినట్టు, మన పైడిగాళ్ళు (ఈ పేరు ఇంకెవరి ముందూ అనకు) దాని మోతాదు పెరిగే వైపు పోతారు.

ఇక నన్ను కుదురుగా కూర్చోనివ్వని సంగతి. న్యూట్రోఫిల్ మీద ఈ కీమోకైన్‌ని పట్టుకునే గ్రాహకాలు (కబురందుకునే ప్రొటీన్లు) రెండు. సీఎక్స్‌సీఆర్-1 గాయం దగ్గరికి లాగుతుంది, కానీ కీమోకైన్ దండిగా తగిలితే త్వరగా కణం లోపలికి పోతుంది. సీఎక్స్‌సీఆర్-2 పైనే ఉండి కణాల్ని చెదరగొడుతుంది. రెండోది లేని చేపలో అవి గాయం దగ్గరే పోగుపడతాయి. పిలిచిందీ పంపిందీ ఒకే ప్రొటీన్! పాఠాల్లో పిలుపొక్కటే చెప్పి వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

నీ పిల్లలకి చూపించాలంటే: 3 రోజుల చేపపిల్లలు, 28.5 డిగ్రీలు. మత్తుకి ట్రైకెయిన్ అనే మందు లీటరుకి 168 మిల్లీగ్రాములు. అది పులుపు మందు, పులుపు విరిచే ట్రిస్‌తో పీహెచ్ 7కి తేకపోతే ఆ పులుపే చేపని బాధిస్తుంది. కొత్త బ్లేడుతో రెక్క కొస మాత్రమే కొయ్యి. తోక నడుమ వెన్ను కడ్డీలా ఉండే నోటోకార్డ్‌కి తగిలిందా, ఆ చేపని పక్కన పెట్టెయ్, వాపు మితిమీరి లెక్క చెడుతుంది. సుమారు 6 గంటలకి గుంపు నిండుగా, 24 గంటలకి పలచగా కనిపిస్తుంది. న్యూట్రోఫిల్స్‌కి పట్టే సుడాన్ బ్లాక్ రంగు వేస్తే సంఖ్య తెలుస్తుంది గాని, తగ్గినవి చచ్చాయో వెళ్ళాయో తేలదు. అది తేలాలంటే వెలుగు పడితే ఆకుపచ్చ నుంచి ఎరుపుకి మారే ప్రొటీన్ ఉన్న చేపలు కావాలి. గాయం దగ్గరి కణాల్నే ఎర్రగా మార్చి, ఆ ఎర్రవి ఎటు పోతున్నాయో చూడాలి.

సీఎక్స్‌సీఆర్-4 అనే ఇంకో గ్రాహకం ఇంకో గొడవ, దాన్ని అడ్డుకుంటే ఇంకా తొందరగా... ఒరే, పర్లాకిమిడి బస్సుకి మీ బావ బయల్దేరిపోతున్నాడు, కవరు అంటించాలి, మిగతాది

నీ,
బుజ్జి