ఫ్రీజ్ చేసిన ఫ్రేమ్ టీవీలో వణుకుతోంది: మీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌పై ఫిర్యాదు

సాంకేతిక సహాయ విభాగం నిర్వాహకులకు,

విషయం: కొత్త వెర్షన్‌లో ఫ్రీజ్ ఫ్రేమ్ వణుకు, తీసేసిన డీఇంటర్లేస్ ఆప్షన్‌ను తిరిగి పెట్టడం గురించి.

అయ్యా,

పెళ్ళి వీడియోల ఎడిటింగ్‌కు మా యూనిట్‌లో మీ సాఫ్ట్‌వేరే వాడుతున్నాం. కొత్త వెర్షన్ వేసినప్పటి నుంచి 1080ఐ (1080 గీతల ఇంటర్లేస్ వీడియో), సెకనుకు 50 ఫీల్డుల టైమ్‌లైన్‌లో కదులుతున్న షాట్‌ను ఎక్కడ ఫ్రీజ్ చేసినా టీవీలో వణుకుతోంది. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ ఒకటే జవాబు: గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ మార్చుకోండి. డ్రైవర్‌కూ దీనికీ సంబంధం లేదు. ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి వేరే టీవీలో చూసినా అదే వణుకు. లోపం ఫైల్లోనే ఉంది.

తలంబ్రాల షాట్ తీసుకోండి. పెళ్ళికూతురు దోసిలెత్తి పోస్తున్న చోట 3 సెకన్లు ఆపితే ముఖం, మండపం, పూలదండలు నిలకడగానే ఉంటాయి. మోచేతుల నుంచి వేళ్ళ దాకా, గాల్లో ఉన్న బియ్యపు గింజలు మాత్రం గజగజలాడతాయి. ఇంటర్లేస్ ఫ్రేమ్ ఒక బొమ్మ కాదు. సెకనులో 50వ వంతు తేడాతో తీసిన రెండు సగాలు, ఒకటి విడిచి ఒకటిగా ఒక్కోదానిలో 540 గీతలు. ఈ సగాన్నే ఫీల్డు అంటారు. ఆ 20 మిల్లీసెకన్లలో చెయ్యి జరిగిపోతుంది. తెర ఈ చివరి నుంచి ఆ చివరికి సెకనులో వెళ్ళే వేగమైతే రెండు ఫీల్డుల మధ్య దాదాపు 38 పిక్సెళ్ళ ఎడం. మామూలుగా ప్లే చేస్తే అవి వరసగా వచ్చి వెళ్ళిపోతాయి, కంటికి కదలికలా ఉంటుంది. ఫ్రీజ్‌లో ఆ రెండే తిరిగి తిరిగి వస్తాయి: చెయ్యి ముందుకు, వెనక్కి, ముందుకు, వెనక్కి, సెకనుకు 25 సార్లు. కంప్యూటర్ మానిటర్ మీద రెండు ఫీల్డులూ కలిపి చూపిస్తారు కాబట్టి అక్కడ దువ్వెన పళ్ళలా గీతలు పడతాయే గానీ వణుకు తెలియదు. మీ టెస్టింగ్ వాళ్ళు టీవీ తగిలించి చూశారా?

పాత వెర్షన్‌లో ఫ్రీజ్ విండోలోనే డీఇంటర్లేస్ అని చిన్న టిక్ పెట్టె ఉండేది. టిక్ పెడితే ఒక ఫీల్డును వదిలేసి, మిగిలిన దాని గీతల మధ్య ఖాళీలను పై గీత, కింది గీతల సగటుతో నింపేది. ఆ పెట్టెను ఇప్పుడు ఎత్తేశారు. టేపుల కాలం నాటి వీడియో మిక్సర్లలో కూడా స్టిల్‌కు ఫీల్డా, ఫ్రేమా అని ఎంచుకునే వీలుండేది!

ప్రస్తుతానికి ఫ్రేమ్‌ను టిఫ్ ఫొటో ఫైలుగా బయటికి తీసి, ఫొటో ఎడిటర్‌లో డీఇంటర్లేస్ చేసి, మళ్ళీ టైమ్‌లైన్‌లోకి తెచ్చి, క్లిప్ సెట్టింగ్‌లో ఫీల్డులు లేవు అని గుర్తు పెడుతున్నాం. ఈ చివరి పని మరిచిపోతే, జూమ్ చేసినప్పుడు మీ సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మను మళ్ళీ ఫీల్డులుగా విడదీసి మసకగా చేస్తుంది. ఒక్కో ఫ్రీజ్‌కు 5 నిమిషాలు. ఒక పెళ్ళిలో 40 ఫ్రీజులుంటే 200 నిమిషాలు, ఒక క్లిక్కుతో పోయే పనికి.

ఇంకో పొరపాటు పనులు చేసే వరసలో ఉంది. ఫ్రీజ్‌కు 110 శాతం జూమ్ పెడితే కొత్త వెర్షన్ ముందు సైజు పెంచి, ఆ తర్వాత ఫీల్డుల సంగతి చూస్తోంది. అప్పటికే రెండు ఫీల్డుల గీతలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి, ఇక ఏ ఫిల్టరూ విడదీయలేదు. డీఇంటర్లేస్ ముందు, జూమ్ తర్వాత. బొమ్మను నిలువుగా ఒక్క పిక్సెల్ జరిపినా ఫీల్డులు తారుమారవుతున్నాయి. అదీ చూడండి.

జరీ అంచులో సన్నని అడ్డగీతలు మినుకుమినుకుమనడం వేరే సమస్య, దాన్ని ఇందులో కలపొద్దు. ఒక గీత మందమున్న జరీ ఒక ఫీల్డులోనే పడుతుంది, నిలువుగా మాత్రమే ఒక పిక్సెల్ బ్లర్ ఇస్తే తగ్గుతుంది. సుమారు అర సెకనుకోసారి బొమ్మ ఊపిరి పీల్చినట్టు మారడమూ వేరే: అది 12 ఫ్రేములను ఒక గ్రూపుగా కట్టి కంప్రెస్ చేసినప్పుడు వస్తుంది, బిట్‌రేట్ (సెకనుకు వాడే డేటా) పెంచితే తగ్గుతుంది. మా ఫిర్యాదు ఈ రెంటి గురించీ కాదు.

మాకు కావలసింది ఆ టిక్ పెట్టె, అందులో మూడు ఎంపికలు: రెండు ఫీల్డులూ, పై ఫీల్డు, కింది ఫీల్డు. ట్రైపాడ్ మీద తీసిన, ఏదీ కదలని షాట్‌లో ఫీల్డు వదిలేస్తే నిలువు వివరం సగం ఊరికే పోతుంది, అక్కడ రెండూ ఉండాలి. కదిలిన చోట మాత్రమే ఫీల్డు వదిలే పద్ధతి ఇస్తే మరీ మంచిది. మార్పు వచ్చేదాకా పాత వెర్షన్ ఇన్‌స్టాలర్, కొత్త ప్రాజెక్టులను పాత దాంట్లో తెరిచే వీలు ఇవ్వండి. డ్రైవర్ మార్చమనే ఆ అచ్చు జవాబును మీ సహాయ సిబ్బంది చేత మాన్పించండి.

10 సెకన్ల కెమెరా ఫైలు, ప్రాజెక్టు ఫైలు, రెండు వెర్షన్లలో చేసిన ఎక్స్‌పోర్టులు జతచేశాం. టీవీకి తగిలించి చూడండి. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వగలరు.

ఇట్లు,
ఎడిటింగ్ యూనిట్ సభ్యులు