వైర్‌లెస్ సెట్‌లో చెప్పగలిగే చిరునామా కావాలి

సంపాదకులకు నమస్కారం.

ఆపదలో 112కి ఫోన్ చేస్తే పోలీసుల గస్తీ బండి హొయ్సళ ఎంతసేపటికి వచ్చిందన్న దాని గురించే బెంగళూరులో అందరం మాట్లాడుకుంటాం. మనం ఫోన్ పెట్టేశాక, బండి కదిలేలోపు జరిగే పని గురించి ఎవరూ మాట్లాడరు. ఆలస్యంలో కొంత అక్కడే పుడుతోంది. దాన్ని తగ్గించడం పోలీసుల కన్నా కార్పొరేషన్ల చేతిలోనే ఎక్కువగా ఉంది. టెలికాం శాఖలో రేడియో లింకుల మీద పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోవచ్చు. పోలీసు కంట్రోల్ రూమ్ బండ్లతో మాట్లాడే వైర్‌లెస్ సెట్‌లో అలా కుదరదు. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపు మనం చెప్పడమే, ఎదుటివాళ్ల మాట వినబడదు. వదిలాకే వినబడుతుంది. అందుకే చెప్పడం అయ్యాక ‘ఓవర్’ అంటారు. బండిలోని సెట్ పంపిన మాటను ఎత్తైన చోట పెట్టిన రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీ మీద అందుకుని, అదే క్షణంలో మరో ఫ్రీక్వెన్సీ మీద ఊరంతటికీ పంపుతుంది. కాబట్టి కంట్రోల్ రూమ్ ఒక బండికి చెప్పిన మాట ఆ ఛానెల్‌లో ఉన్న బండ్లన్నీ వింటాయి. ‘నేను దగ్గర్లో ఉన్నాను, నేను వెళ్తాను’ అని ఇంకో బండి ముందుకు రాగలిగేది ఇందువల్లే. చిన్నస్వామి స్టేడియంలో మ్యాచ్ జరిగే రోజున మన ఫోన్లు కలవకపోవడం చూస్తూనే ఉంటాం. అలాంటప్పుడు కూడా ఒక్క మాటతో అందరికీ కబురు అందించగలిగేది సెట్టే. వాట్సాప్ గ్రూపులు దీనికి బదులు కావు.

కానీ ఈ ఏర్పాటుకి ఒక ఖరీదుంది. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లంతా ఆగాలి. ఇద్దరు ఒకేసారి బటన్ నొక్కితే సిగ్నల్ బలంగా ఉన్నవారి మాట వినబడుతుంది, లేకపోతే ఇద్దరిదీ కలిసి కీచుమంటుంది. పాత అనలాగ్ సెట్లు పోయి డిజిటల్ వస్తే ఇది తీరుతుందనుకునేవాళ్లున్నారు. డీఎంఆర్ అనే డిజిటల్ రేడియో పద్ధతిలో 12.5 కిలోహెర్ట్జ్ ఛానెల్‌ని రెండు భాగాలు చేస్తారు, టెట్రా అనే మరో పద్ధతిలో 25 కిలోహెర్ట్జ్‌ని నాలుగు భాగాలు చేస్తారు. దానివల్ల ఎక్కువ బృందాలు మాట్లాడుకోవచ్చు. ఒక బృందంలో మాత్రం అప్పుడూ ఒకరి తర్వాత ఒకరే. కాబట్టి సెట్‌లో ఒక చోటుని చెప్పడానికి ఎన్ని సెకన్లు పడుతుందన్నది ఎప్పటికీ ముఖ్యమే.

ఇప్పుడు మన చిరునామాలు చూడండి. ఇక్కడ అడ్డవీధిని క్రాస్ అని, పెద్దవీధిని మెయిన్ అని నంబరుతో పిలుస్తారు. పక్కపక్క లేఅవుట్లలోనే నాలుగో క్రాస్, రెండో మెయిన్ మళ్లీ మళ్లీ వస్తాయి. చాలా మూలల్లో బోర్డు ఉండదు, ఉన్నచోట దాని మీద పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) పోస్టరు అంటించి ఉంటుంది. ఫోన్ చేసినవారు ‘బేకరీ దాటాక, గుడి సందులో’ అంటారు. కంట్రోల్ రూమ్ అదే సెట్‌లో చెప్తుంది, బండిలోవాళ్లు ‘ఏ గుడి?’ అని అడుగుతారు. ఈ ప్రశ్నలూ జవాబులూ సాగినంతసేపు ఇంకెక్కడో ప్రమాదం చూసిన బండి తన మాట చెప్పలేక కాచుకుని ఉంటుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఇబ్బంది ఆ ఒక్క ఇంటితో ఆగదు.

దీనికి తోడు సెట్‌లో గొంతు మొత్తంగా రాదు. దాదాపు 300 నుంచి 3000 హెర్ట్జ్ వరకే పోతుంది. స, ఫ లాంటి శబ్దాల పదును అందులో పోతుంది. ‘థర్టీన్త్ క్రాస్’, ‘థర్టియత్ క్రాస్’ ఒకేలా వినబడితే బండి పదిహేడు వీధుల అవతలికి వెళ్తుంది.

ఫోన్ ఎక్కడుందో కంట్రోల్ రూమ్ తెర మీద కనబడుతుంది కదా అంటారు. టవర్‌ని బట్టి చెప్పే చోటు వందల మీటర్లు తప్పొచ్చు. ఇరుకు సందుల్లో, భవనాల లోపల జీపీఎస్ కూడా జారుతుంది. పైగా బస్సులో పోతూ ప్రమాదం చూసినవారు ఫోన్ చేసేసరికి ఆ చోటు దాటిపోయి ఉంటారు.

హైదరాబాదులో మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పీవీ ఎక్స్‌ప్రెస్ వే కింద షాపులవాళ్లు తమ చిరునామా ఏమని చెప్తారో మనవాళ్లకు తెలుసు. పిల్లర్ నంబర్ చెప్తారు. ఎవరూ నేర్పలేదు, నంబరు కంటికి కనబడేట్టు రాసి ఉంది కాబట్టి జనమే వాడుకున్నారు. ఇక్కడా వీధి దీపాల స్తంభాలకి, కరెంటు సంస్థ బెస్కాం స్తంభాలకి వార్డు గుర్తుతో కలిపి ఒక నంబరు, రాత్రి లైటు పడితే మెరిసే పెయింటుతో, కంటి ఎత్తులో రాయాలి. ఆ జాబితా పోలీసుల మ్యాపులో ఎక్కించాలి. కన్నడ రాక, కంగారులో హిందీ కూడా నోటికి రాక ఇబ్బందిపడే మన పీజీ పిల్లలు కూడా ఎదురుగా ఉన్న నాలుగు అంకెలు చదివి చెప్పగలరు.

ఇది ఇప్పుడే చేయడం తేలిక. 2025 సెప్టెంబరులో నగరమంతటికీ ఒకటే ఉన్న కార్పొరేషన్ బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. పాత బోర్డుల మీద పేరు ఎలాగూ మార్చాల్సిందే.

అందాకా పాఠకులకు ఒక మనవి. 112కి చెప్పేటప్పుడు ముందు ఏరియా, తర్వాత లేఅవుట్, బ్లాకు, చివర్న క్రాస్ చెప్పండి. ఏరియా పేరు వినగానే ఏ బండిని పిలవాలో వాళ్లకి తెలుస్తుంది. 13 అయితే ‘వన్ త్రీ’ అని అంకె అంకెగా పలకండి.

మహదేవపుర, కె.ఆర్.పురం రెండూ తూర్పు కార్పొరేషన్‌లోనే ఉన్నాయి, తెలుగువాళ్లు చాలామంది అక్కడ ఉంటారు. అక్కడ మొదలుపెట్టమని కోరుతున్నాను. మీ బెంగళూరు విలేకరి ఈ విషయం కార్పొరేషన్ అధికారులను అడిగి, వాళ్లిచ్చే జవాబుని మీ పత్రికలో అచ్చు వేయిస్తే మా కాలనీ సంఘం తరఫున కూడా వెంటపడతాం.

ఇట్లు
ఒక పాఠకుడు, కె.ఆర్.పురం, బెంగళూరు